చట్టం కన్నా ముందే పుట్టినరోజు చేసిన పాట

అమెరికాలో నల్లజాతి కుటుంబాల ఇళ్ళలో పుట్టినరోజు నాడు కొవ్వొత్తులు వెలిగించాక, లోకమంతా పాడే ఆ పాత హ్యాపీ బర్త్‌డే పాట ఒక్కటే పాడి ఊరుకోరు. అది అయ్యీ కాకముందే ఎవరో ఒకరు చప్పట్లు చరుస్తూ ఇంకో పాట ఎత్తుకుంటారు. దాని వరస వేరు, ఊపు వేరు. అమ్మమ్మలు, మనవలు, కేకు ముక్క కోసం కాచుకుని ఉన్న పసివాళ్ళు అందరూ గొంతు కలుపుతారు. అది స్టీవీ వండర్ పాట అని పిల్లలకు తెలిసే ఉంటుంది. ఒక సెలవు కోసం, ఆ సెలవు ఇచ్చే చట్టం కోసం కట్టిన పాట అని మాత్రం చాలామందికి తెలియకపోవచ్చు. ఇళ్ళలో పాడుకునేది పల్లవి ఒక్కటే మరి. గొడవంతా చరణాల్లో ఉంది.

చరణాలతో సహా ఆ పాటను తెలుగు పాఠకులకు పరిచయం చేద్దామని ఈ వ్యాసం రాస్తున్నాను. జనవరి మూడో సోమవారం, నల్లవారి హక్కుల ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ జయంతి పేరిట అమెరికా దేశమంతటా సెలవు. అది రావడానికి పాటుపడినవాళ్ళు ఎందరో ఉన్నారు. పదిహేనేళ్ళు పట్టు విడవని భార్య కొరెట్టా స్కాట్ కింగ్ ఉన్నారు, బిల్లులు పెట్టిన సభ్యులు ఉన్నారు, యాజమాన్యాలతో తగాదాపడి తమ ఒప్పందాల్లో ఆ రోజును సెలవుగా రాయించుకున్న కార్మిక సంఘాలు ఉన్నాయి. వాళ్ళ మధ్య ఒక పాటగాడు చేసిన పని ఎంత లెక్కగా, ఎంత ఒడుపుగా ఉందో దగ్గరగా చూడాలని నా కోరిక. ఒక డిమాండు నెగ్గించుకోవడానికి కట్టిన పాటల్లో ఇంతకన్నా తెలివైన కట్టడం నేను వినలేదు.

1968 ఏప్రిల్ 4న మెంఫిస్ ఊళ్ళో, ఒక మోటెల్ బాల్కనీలో నిలబడి ఉండగా కింగ్‌ను కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 39. ఆ ఊరి చెత్త ఎత్తే కార్మికులు సమ్మె చేస్తుంటే వాళ్ళకు అండగా వెళ్ళారు. నాలుగు రోజులు తిరక్కుండానే, ఏప్రిల్ 8న, డెట్రాయిట్ సభ్యుడు జాన్ కాన్యర్స్ ప్రతినిధుల సభలో బిల్లు పెట్టారు: కింగ్ పుట్టిన జనవరి 15ను జాతీయ సెలవు చేయాలని. ఆ బిల్లు మళ్ళీ మళ్ళీ వచ్చేది, మళ్ళీ మళ్ళీ మూలన పడేది. అభ్యంతరాలు రెండు పైకి వినపడేవి. జీతమిచ్చి ఇంకో రోజు సెలవిస్తే ఖజానా మీద భారం అన్నది ఒకటి. కింగ్ ఏ పదవీ చేయలేదు, ప్రైవేటు మనిషి, అలాంటి వాడికి జాతీయ సెలవేమిటి అన్నది రెండోది. పైకి అనని మూడో అభ్యంతరం ఏమిటో అందరికీ తెలుసు. 1979 నవంబరులో బిల్లు ఓటింగు దాకా వచ్చింది. మూడింట రెండొంతుల మెజారిటీ కావాల్సిన పద్ధతిలో పెట్టారు. అనుకూలంగా 252, వ్యతిరేకంగా 133. అయిదు ఓట్ల తేడాతో పోయింది.

స్టీవీ వండర్ రంగంలోకి వచ్చింది ఈ ఓటమి చుట్టుపక్కల కాలంలోనే. 1950లో నెలలు నిండకుండా పుట్టి, పసిగుడ్డుగా ఉండగానే చూపు పోగొట్టుకున్నవాడు. పదకొండేళ్ళకే డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డుల సంస్థలో చేరాడు. కింగ్ హత్య జరిగిననాటికి అతనికి పదిహేడేళ్ళు, అట్లాంటాలో అంత్యక్రియలకు వెళ్ళాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు, తనకు కలలో ఒక పాట వచ్చిందని, ఆ కలలో జనంతో కలిసి ఊరేగింపులో నడుస్తున్నానని కొరెట్టాకు చెప్పాడట. ఆవిడ సంతోషించారు గానీ, దేశంలో గాలి చూస్తే అది జరిగే పనిలా లేదన్నారట. ఆవిడ అంచనాలో తప్పేమీ లేదు. 1980 అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, గాలి రేగన్ వైపు వీస్తోంది.

1980 సెప్టెంబరు చివర్లో 'హాటర్ దాన్ జూలై' అనే ఎల్‌పీ రికార్డు వచ్చింది. పది పాటలు. మన పాట పదోది, అంటే రెండో వైపు ఆఖరిది. ఈ వరసలోనే మొదటి పనితనం ఉంది. ఎనిమిదో పాట ఇల్లు అద్దెకు వెతుక్కునే నల్లవాడి కథ. చేతిలో డబ్బుంది, ఉద్యోగముంది, మర్యాదగా అడుగుతాడు. ఇంటివాడు అంతే మర్యాదగా ఖాళీ లేదంటాడు. కింగ్ 1966లో చికాగోలో ఉద్యమం నడిపింది దీని మీదే. ఇళ్ళ విషయంలో జాతి వివక్షను నిషేధించే చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టింది 1968 ఏప్రిల్ 11న, కింగ్ పోయిన వారానికి. చట్టం వచ్చి పన్నెండేళ్ళయినా ఈ పాట అవసరం పడింది. తొమ్మిదో పాట మెల్లగా సాగే విరహగీతం, పియానో మీద ఒక్క గొంతు. అది ముగిసి, కాసేపు నిశ్శబ్దం, తర్వాత సింథసైజర్ బాస్‌తో పుట్టినరోజు పాట లేస్తుంది. ముందు అన్యాయం, తర్వాత దుఃఖం, అటు తర్వాతే పండగ. రేడియోలో ఆ పాట ఒక్కటే విన్నవాళ్ళకు ఈ మెట్లు కనపడవు.

చనిపోయిన మహానుభావుడి మీద పాట అనగానే మనకు ఒక రకం రాగం చెవిలో మెదులుతుంది. గంభీరంగా, నెమ్మదిగా, గొంతు పూడుకుపోతున్నట్టు. వండర్ ఆ దారి తొక్కలేదు. ఈ పాటలో ఎక్కడా శోకం లేదు. వాయిద్యాలు చాలావరకు తానే పలికించాడు. ఆ ఎలక్ట్రానిక్ ధ్వనులు ఆ రోజుకు కొత్తవి, డాన్సు హాలుకు సరిపోయేవి. సంస్మరణ సభలకు జనం ఏడాదికోసారి వస్తారు. డాన్సు చేయడానికి రమ్మంటే ప్రతి శనివారం వస్తారు. పాట ఎన్నిసార్లు మోగాలన్నది కూడా అతని లెక్కలో ఉందని నా నమ్మకం.

మొదటి చరణం ఎత్తుకోవడమే ఒక చురకతో. ఇందులో అర్థం పర్థం లేదు అంటూ మొదలుపెట్టి, ఇలాంటి రోజు మీద కోపగించుకునేవాళ్ళకు వ్యతిరేకంగా ఒక చట్టం ఉండాలి అంటాడు. ఇక్కడ ఆగి చూడండి. చట్టం కావాలని అడగడానికి పుట్టిన పాట ఇది. అందులో చట్టం ప్రస్తావన వచ్చేది మొదట్లోనే, అదీ సెలవు వద్దనే వాళ్ళ మీద! బతిమాలడం లేదు, మహజరు పెట్టుకోవడం లేదు. సెలవు ఉండటం సహజం, వద్దనడమే వింత అన్నట్టు మాట నడిపిస్తాడు. సంజాయిషీ చెప్పుకోవాల్సిన పక్షం ఒక్క వాక్యంలో మారిపోయింది. అప్పటిదాకా పన్నెండేళ్ళుగా, ఈ మనిషికి సెలవెందుకు అన్న ప్రశ్నకు కొరెట్టా, కాన్యర్స్ జవాబులు చెప్పుకుంటూ వచ్చారు. పాట ఆ ప్రశ్నను తిప్పి అడిగినవాళ్ళ చేతిలోనే పెట్టింది.

ఛందస్సులో ఇంకో ఒడుపు ఉంది. మూడు చిన్న చిన్న పాదాలు, మూడింటికీ ఒకే అంత్యప్రాస. నాలుగోది పొడుగు పాదం, ప్రాస తెగిపోయి తీరిగ్గా సాగుతుంది. మళ్ళీ మూడు చిన్నవి, మళ్ళీ ఒక పొడుగుది. వాదనలో వేలు చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అని చెప్పి, ఆపైన ఊపిరి తీసుకుని అసలు మాట చెప్పడం లాగా ఉంటుంది ఆ నడక. చరణం ఆఖర్లో మాత్రం నాలుగు పాదాలూ ఒకే ప్రాసలో పడతాయి, ఆ నాలుగోది 'నువ్వు పుట్టిన రోజు' అన్న అర్థం దగ్గర ఆగుతుంది. అప్పటిదాకా పాట ఎవరితో మాట్లాడుతోందో పేరు చెప్పలేదు. 'నువ్వు' అంటూ నేరుగా చనిపోయిన మనిషితోనే మాట్లాడుతోంది. ఎదురుగా కూర్చున్న నేస్తానికి, నీ పుట్టినరోజు మేం చేస్తాంలే అని మాట ఇస్తున్నట్టు ఉంటుంది.

రెండో చరణంలో 'నువ్వు' కాస్తా 'అతను' అవుతుంది. వండర్ ఇప్పుడు మన వైపు తిరిగాడన్నమాట. మంచి కోసం ప్రాణమిచ్చినవాడికి ఒక రోజు కేటాయించలేకపోవడం నాకు అంతుపట్టలేదంటాడు. కల ఆయనకు కనపడినంత స్పష్టంగా కొందరికి కనపడకపోతే, ఆ కారణానికి దాన్ని భ్రమ చేసేస్తారా అని నిలదీస్తాడు. చివర్లో మళ్ళీ నాలుగు పాదాల ప్రాస. అన్నీ 'ఇంగ్' శబ్దంతో ముగుస్తాయి. మొదటిది పడగానే చెవి సిద్ధమవుతుంది, రెండోదానికి ఎదురుచూస్తుంది, మూడోదానికి పూర్తిగా పసిగడుతుంది. నాలుగోది రాకతప్పదు కాబట్టి వస్తుంది: మార్టిన్ లూథర్ కింగ్. పాట మొత్తంలో పూర్తి పేరు కోసం వండర్ పన్నిన చోటు ఇది. మొదటి చరణం పుట్టినరోజు దగ్గర ముగిసింది, రెండోది పేరు దగ్గర ముగిసింది. తారీఖూ పేరూ రెండూ వినేవాడి నోట్లోకి వచ్చేశాయి. సెలవు బిల్లులో ఉండాల్సిన వివరాలు కూడా ఆ రెండే కదా!

మూడో చరణం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు అదే ఎక్కువ ఇష్టం. సెలవొస్తే ఏం చేయాలో అందులో ఉంది. శాంతి పేరిట లోకమంతా జరుపుకునే సెలవు ఒక్కటీ లేదేమని అడిగి, మనుషులంతా ఒక్కటేనని నమ్మి బతికినవాళ్ళను, దాని కోసం చచ్చిపోయినవాళ్ళను తలుచుకుంటూ రోజంతా గడపాలంటాడు. ఇక్కడికొచ్చేసరికి పాట ఒక్క మనిషి గురించి కాదు. ఒక్కడి జయంతి నాడు పేరు లేని వేలమందికి కూడా చోటిచ్చాడు. ఆ తర్వాత వినేవాళ్ళకే ఆజ్ఞ: మొదలుపెట్టండి, లోపల దాచుకోకండి, గొంతెత్తి పాడండి. అక్కడి నుంచి చాలావరకు పల్లవే. దాదాపు ఆరు నిమిషాల పాటలో చివరి భాగం చాలావరకు జనం పాడుకోవడానికే వదిలేశాడు.

పల్లవిని విడిగా చూస్తే ఏముంది? పుట్టినరోజు శుభాకాంక్షలు అని రెండుసార్లు, మూడోసారి పొట్టిగా. అంతే. మూడేళ్ళ పిల్లాడు ఒక్కసారి విని పాడేస్తాడు. ఈ పాట ప్రాణం మొత్తం అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. పుట్టినరోజు జరపడమంటే ఏమిటి, అందరూ కలిసి ఆ పాట పాడటమే కదా. అలాంటప్పుడు లక్షమంది ఒకచోట చేరి ఈ పల్లవి పాడితే, ఆ క్షణానికి వాళ్ళు అడుగుతున్న పని జరిగిపోయినట్టే. అమెరికా చట్టసభ కాంగ్రెసు ఓటు వేసినా వేయకపోయినా కింగ్ పుట్టినరోజు జరుగుతోంది. డిమాండు చేస్తూనే దాన్ని నెరవేర్చేసుకునే పల్లవి ఇది.

రికార్డు లోపలి కవరు మీద అచ్చయిన మాటలు చూస్తే ఇది కాకతాళీయం కాదని తెలుస్తుంది. ఒకవైపు కింగ్ చిత్రం. రెండోవైపు నల్లవారి హక్కుల పోరాటంలో జరిగిన హింస, విధ్వంసం చూపించే ఫొటోలు. వాటితో పాటు వండర్ రాసిన చిన్న విజ్ఞప్తి. సెలవు ఎందుకో రెండు కారణాలు చెప్పాడు. కింగ్ సాధించినదానికి గుర్తింపు ఒకటి, ఇంకా నడవాల్సిన దూరం ఎంత ఉందో గుర్తుచేయడానికి అన్నది రెండోది. జయంతులు జరిపేవాళ్ళు రెండో కారణాన్ని తరచూ మరిచిపోతారు, వండర్ మరవలేదు. 1981 జనవరి 15ను జాతీయ సెలవుగా పాటించడానికి నాతో రండి అని పిలిచాడు. చట్టం చేయించుకుందాం అనడంతో ఆగలేదు, వచ్చే జనవరి నుంచే పాటిద్దాం అన్నాడు. కింద తల్లి పెట్టిన స్టీవ్‌లాండ్ అన్న పేరుతో కూడా సంతకం చేశాడు.

ఇంత మెచ్చుకున్నాక ఒక కొరత కూడా చెప్పాలి. పాటలోని కింగ్ మెత్తని కింగ్. ప్రేమ, ఐక్యత, కల, ఇవే వినపడతాయి. వియత్నాం యుద్ధాన్ని బహిరంగంగా ఖండించి సగం దేశాన్ని దూరం చేసుకున్న 1967 నాటి కింగ్ ఇందులో లేడు. మెంఫిస్ పారిశుద్ధ్య కార్మికులు లేరు. పేదల పక్షాన వాషింగ్టన్ మీదికి దండు కడదామని చివరి నెలల్లో చేసిన ప్రయత్నం లేదు. సెలవు వచ్చాక దేశం జ్ఞాపకం పెట్టుకున్నది కూడా ఈ మెత్తని మనిషినే. ఆ తప్పులో పాటకూ కొంత వాటా ఉంది. రికార్డులో రెండు పాటల వెనక్కి వెళ్ళి అద్దె ఇంటి కథ వింటే ఆ కొరత కొంత తీరుతుంది గానీ, పల్లవి వెళ్ళిన చోటికల్లా ఆ కథ వెళ్ళలేదు.

పాట పనిలోకి దిగిన తీరు చూద్దాం. ఆ శీతాకాలంలో వండర్ ఊరూరా కచేరీలు చేస్తూ సెలవు గురించి చెప్పాడు. తోడు రావాల్సిన గాయకుడు బాబ్ మార్లీకి క్యాన్సర్ ముదరడంతో కవి, గాయకుడు గిల్ స్కాట్-హెరన్ ఆ స్థానంలో వచ్చారు. ఆ యాత్ర కథను ఆయన తర్వాత 'ది లాస్ట్ హాలిడే' అన్న పుస్తకంలో రాశారు. 1980 డిసెంబరు 8 రాత్రి ఓక్లాండ్‌లో కచేరీ. న్యూయార్క్‌లో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌ను కాల్చి చంపారన్న కబురు ఆ వేలమందికి వేదిక మీద నుంచి చెప్పింది వండరే. తుపాకీకి బలైన మనిషి జయంతి కోసం తిరుగుతున్నవాడి నోట ఆ వార్త వినాల్సి రావడం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అయిదు వారాలకు జనవరి 15. వాషింగ్టన్‌లో గడ్డకట్టే చలి. అయినా వేలాదిమంది నడిచి వచ్చి ఆ పల్లవి పాడారు. మరో అయిదు రోజుల్లో అదే ఊళ్ళో రేగన్ ప్రమాణ స్వీకారం.

ఇంగ్లండుకు ఈ సెలవుతో ఏ సంబంధమూ లేదు. అయినా 1981లో అక్కడి అమ్మకాల పట్టికలో ఈ పాట రెండో స్థానం దాకా ఎక్కింది. అమెరికాలో వాషింగ్టన్ సభ మరుసటి ఏడాది కూడా జరిగింది. 1982లో కొరెట్టా, వండర్ కలిసి 60 లక్షల సంతకాలున్న విజ్ఞప్తిని సభాపతి టిప్ ఓనీల్‌కు అందజేశారు.

మిగతాది చట్టసభల పని. అది కూడా ముచ్చటైన పనితనమే. ఇండియానా రాష్ట్రం గ్యారీ నుంచి కొత్తగా వచ్చిన నల్లజాతి సభ్యురాలు కేటీ హాల్ బిల్లులో తారీఖు మార్చారు. జనవరి 15 బదులు జనవరి మూడో సోమవారం. వారం మధ్యలో పని ఆగదు కాబట్టి ఖర్చు వాదన సగం చచ్చిపోయింది. 1983 ఆగస్టు 2న ప్రతినిధుల సభ 338-90తో ఆమోదించింది. సెనేట్‌లో జెస్సీ హెల్మ్స్ అడ్డం తిరిగి, కింగ్ కమ్యూనిస్టుల మనిషని చెప్పడానికి 300 పేజీల కట్ట పంచిపెట్టారు. న్యూయార్క్ సెనేటర్ మోయినిహన్ దాన్ని నేలకేసి కొట్టారు. అక్టోబరు 19న 78-22తో అక్కడా నెగ్గింది. మొదట్లో ఇష్టపడని రేగనే నవంబరు 2న, కొరెట్టా పక్కన నిలబడి ఉండగా, సంతకం చేశారు. మొదటి సెలవు 1986 జనవరి 20.

సోమవారం అన్న ఆ రాజీ నాకు పూర్తిగా మింగుడుపడదు. పాట అడిగింది ఆయన పుట్టిన రోజును, వచ్చింది 15కూ 21కీ మధ్య ఏదో ఒక సోమవారం. 2024లోలా ఎప్పుడో గానీ రెండూ కలవవు. కానీ చట్టం పాఠం తీసి చూస్తే, సెలవుల జాబితాలో చేర్చిన ఆ ఒక్క పంక్తిలో పేరు 'మార్టిన్ లూథర్ కింగ్, జూనియర్ పుట్టినరోజు' అనే ఉంది. తారీఖు ఓడినా పుట్టినరోజు నిలిచింది. ఆ మాటను జనం నాలుక మీద అంత గట్టిగా నాటిన పాట లేకపోతే ఏ పేరు పెట్టేవారో!

రాష్ట్రాలన్నీ దారికి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అరిజోనా గవర్నరు 1987లో తమ రాష్ట్రంలో సెలవు రద్దు చేస్తే, అక్కడ కచేరీ చేయనని వండర్ ప్రకటించాడు. 1993 సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) పోటీ అరిజోనా నుంచి కాలిఫోర్నియాకు తరలిపోయింది. ఈలోగా, 1992లో, అక్కడి ఓటర్లు సెలవుకు సరేనన్నారు. న్యూ హాంప్‌షైర్ 1999లో కింగ్ పేరు పెట్టింది, సౌత్ కెరొలైనా 2000లో ఉద్యోగులందరికీ సెలవిచ్చింది. అలబామా, మిసిసిపీ అదే రోజున, బానిసత్వం నిలపడానికి యుద్ధం చేసిన దక్షిణాది సేనాని రాబర్ట్ లీ జయంతిని కూడా ఇప్పటికీ కలిపి జరుపుతున్నాయి. 1994లో కాంగ్రెసు ఇంకో చట్టం చేసి ఆ సోమవారాన్ని సేవా దినంగా ప్రకటించింది. సెలవంటే ఇంట్లో పడుకోవడం కాదు, ఊరికి ఏదైనా చేయాలని. వండర్ మూడో చరణం కోరింది దాదాపు ఇదే.

టెక్సాస్‌లో, న్యూజెర్సీలో మన తెలుగు పిల్లలకు కూడా ఆ సోమవారం బడి ఉండదు. వాళ్ళ కుటుంబాలు అక్కడ ఉండటానికీ, ఈ మనిషికీ నేరుగా సంబంధం ఉంది. 1965కు ముందు భారతదేశం నుంచి ఏడాదికి వందమందికే వలస కోటా. హక్కుల ఉద్యమం జాతి ప్రాతిపదిక మీద నడిచే చట్టాలను ఒక్కొక్కటిగా కూలుస్తున్న రోజుల్లోనే, 1965 అక్టోబరులో, ఆ కోటా పద్ధతిని కూడా ఎత్తేశారు. మన డాక్టర్లు, ఇంజినీర్లు ఆ తెరిచిన తలుపులోంచే వెళ్ళారు. ఆ ఇళ్ళలో పిల్లలకు ఈ సెలవు గురించి చెప్పాలనుకుంటే ఉపన్యాసాలు అక్కర్లేదు. రికార్డును ఎనిమిదో పాట దగ్గర పెట్టండి. ఇల్లు దొరకనివాడి గోడు, ఆ తర్వాతి విరహం, ఆపైన పుట్టినరోజు పాట, మూడూ వరసగా విననివ్వండి. మూడో చరణం దాకా ఆగమనండి. పల్లవి వాళ్ళే పాడతారు.